కింద నుంచి చదివే మనిషి

వీరాంజనేయులు గారు గ్రీన్ కార్డు కోసం చర్చిలో కలిశారని నాకు మొదట చెప్పింది శ్రీవిద్య. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర, పిల్లల స్కూల్ బస్సు కోసం నిలబడి ఉన్నాం. మార్చి నెల. ఇంకా చలి పోలేదు. శ్రీవిద్య రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర ఉంటారు చూడు, ఆ అంకుల్. మంగళవారం, గురువారం చర్చిలోకి పోతున్నరంట. మా ఆయన కార్‌లోంచి చూసిండు."

"దేనికి?"

"ఇంక దేనికి? పేపర్స్ లేవు పాపం. స్టోర్‌లో క్యాష్ మీద చేస్తుండొచ్చు. చర్చి వాళ్ళు స్పాన్సర్ చేస్తే రెలిజియస్ కేటగిరీల రెండేళ్ళకే వచ్చేస్తదంట. మనం చూడు, పన్నెండేళ్ళ నుంచి లైన్‌లోనే ఉన్నం."

వారం తిరిగేసరికి ఆ మాట పెరిగింది. ఆయన పేరు మార్చుకున్నారన్నారు. ఆండ్రూ అట. ఆయన భార్య లక్ష్మి గారు బొట్టు తీసేశారన్నారు. ముందు రోజు సాయంత్రమే లక్ష్మి గారిని మెయిల్ బాక్సుల దగ్గర చూశాను. ఎప్పటిలాగే రూపాయి బిళ్ళంత బొట్టు ఉంది. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేలోపు బస్సు వచ్చింది. బస్సు వెళ్ళాక అందరూ ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆయన గురించి అప్పటికి నాకు తెలిసింది కొంచెమే. అరవై ఆరేళ్ళుంటాయి. సన్నగా ఉంటారు. స్టోర్ వాళ్ళిచ్చిన ఆకుపచ్చ ఏప్రన్ కింద ఎప్పుడూ తెల్లని ఫుల్ హ్యాండ్స్ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కారు నడపరు. ఎక్కడికైనా నడిచే వెళ్తారు. కాలిబాట లేని చోట గడ్డి మీద, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తుంటే కార్లలో వెళ్ళేవాళ్ళందరూ ఆయన్ని చూసేవారు. బహుశా ఆయన గురించి అన్ని మాటలు పుట్టడానికి అదీ ఒక కారణం. ఈ ఊళ్ళో నడిచే మనిషి దాక్కోలేడు.

కూరగాయల మీద ధరల కాగితాలు రాసేది ఆయనే. ఇంగ్లీషులో, కలిపిరాతలో, అక్షరాలన్నీ ఒకే వాలులో. పొట్లకాయ అన్న మాటకు కూడా పెళ్ళి శుభలేఖంత అందం ఉండేది. ఆ రాత చూడటానికే నేను ఆ వరసలో కాసేపు నిలబడేదాన్ని.

ఒకరోజు లక్ష్మి గారు మా తలుపు కొట్టారు. వేడి గిన్నె ఒకటి చేతిలో పెట్టి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మాయ్, నీకు కంప్యూటర్‌లో టైపు వచ్చుగా?"

"కొంచెం వచ్చు పిన్నిగారూ."

"మీ బాబాయికి రాదమ్మా. చదవటం ఆయన చదువుతాడు. ఒంటివేలితో కొట్టుకుంటా కూర్చుంటే వచ్చే ఏడు శ్రీరామనవమికి అవుద్ది ఆ పని. నెల్లోపల కావాలంట వాళ్ళకి. పొద్దున పూట ఖాళీయేగా నువ్వు. కాస్త వెళ్ళవా?"

ఎక్కడికి అని అడగలేదు. నాకు తెలుసు. నాకు వర్క్ పర్మిట్ లేదు. పాప స్కూల్లో ఉండే ఆరు గంటలూ ఇంట్లో నేనొక్కదాన్నే. డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసినదాన్ని, నా ఇంగ్లీషు మీద నాకు నమ్మకం లేదు. ఆ మాటే చెప్పాను.

"ఆయనకి మాత్రం వచ్చా ఏంది?" అన్నారు లక్ష్మి గారు.

చర్చి కింద ఒక గది ఉంది. పైకి వెళ్ళే మెట్లు కాకుండా పక్కనుంచి దిగాలి. పొడవాటి బల్ల, మడత కుర్చీలు, ఒక మూల కాఫీ మిషను. అక్కడ ముగ్గురున్నారు. చర్చి ఆఫీసు చూసుకునే మార్గరెట్ అనే అమెరికన్ ఆవిడ. లిన్ అనే చైనా పెద్దావిడ, డెబ్బై తొమ్మిదేళ్ళు, ఏదో లాబరేటరీలో పనిచేసి రిటైరయ్యారు. చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. మూడో మనిషి వీరాంజనేయులు గారు. ఆయన కూర్చోలేదు. గోడకీ బల్లకీ మధ్య అటూ ఇటూ తిరుగుతూ పెన్ను మూత తీసి పెడుతున్నారు, తీసి పెడుతున్నారు.

"వచ్చావా అమ్మాయ్. రా. అర్థం కాకపోయినా ఫర్లేదు, అక్షరం కనపడితే చాలు. అర్థం సంగతి లిన్ మేడం చూసుకుంటది."

సంగతి ఇది. నూట ముప్పై ఏళ్ళ కిందట ఈ చర్చి వాళ్ళు ఒక భార్యాభర్తల్ని మత ప్రచారానికి చైనాలో ఒక నదీ తీరపు పట్టణానికి పంపించారు. అక్కడ విదేశీయుల మీదా క్రైస్తవుల మీదా జనం తిరగబడ్డారు. ఒక రోజు వాళ్ళుండే మిషను ఇంటి మీద పడి ఇద్దర్నీ చంపి, ఇల్లు తగలబెట్టారు. ఆ పట్టణంలో అమెరికా కాన్సల్‌గా, అంటే ఆ దేశ ప్రతినిధిగా ఉన్న స్టాడర్డ్ అనే ఆయన, తను పంపిన ప్రతి ఉత్తరానికీ నకలు ఉంచుకున్న పుస్తకం ఒకటి ఆయన వంశం వాళ్ళు ఈమధ్య చర్చికి ఇచ్చారు. ఐదువందల ఉల్లిపొర కాగితాలు. అంతా కలిపిరాత. చర్చిలో కుర్రవాళ్ళు కొందరు చదవబోయి, రెండు లైన్లు కూడా దాటలేకపోయారట. వాళ్ళ స్కూళ్ళలో ఆ రాత నేర్పడం మానేసి చాలా ఏళ్ళయింది.

లిన్ గారు కాకరకాయలు కొనడానికి స్టోర్‌కి వచ్చి, ధర కాగితం చూసి, రాసినదెవరని అడిగారు. అలా మొదలైంది.

లిన్ గారికి ఈ పుస్తకం ఎందుకో మొదటిరోజే తెలిసింది. ఆమె నా ముందు పాత చిన్న పుస్తకం ఇంకొకటి తెరిచి, ఒక వాక్యం మీద వేలు పెట్టారు. చర్చి చరిత్ర అది, పదేళ్ళకోసారి వేస్తారు. 'కాపలావాడు లిన్ నదివైపు తలుపు తెరవడంతో మూక లోపలికి వచ్చింది' అని ఉంది. ఆ కాపలావాడు ఆమె ముత్తాత. ఆ రోజు అతనూ చనిపోయాడు. చర్చి గోడ మీద రాతిపలకలో ఇద్దరి పేర్లే ఉన్నాయి. అతని పేరు ఈ ఒక్క వాక్యంలో ఉంది.

"మా నాన్న ఇది చదివిన తర్వాత మళ్ళీ చర్చికి రాలేదు," అన్నారు ఆమె ఇంగ్లీషులో, నెమ్మదిగా. "నేను మాత్రం నలభై ఏళ్ళుగా వస్తూనే ఉన్నాను. నాలుగుసార్లు ఈ పుస్తకం వేశారు. నాలుగుసార్లూ ఈ వాక్యం తీసేయమన్నాను. రుజువేదీ అని అడిగారు."

కొత్త ప్రతి ఏప్రిల్ మూడో శుక్రవారం ప్రెస్సుకు వెళ్తుంది. మే నెలలో ఉత్సవం. దానితో పాటు కొత్త రాతిపలక. కాన్సల్ ఉత్తరాల్లో రుజువుంటే మారుస్తాం, లేకపోతే ఉన్నదే ఉంటుందని చర్చి కమిటీ చెప్పింది.

"మీ ముత్తాత నిజంగా తీసి ఉంటేనో?" అని అడిగారు వీరాంజనేయులు గారు తన ఇంగ్లీషులో. "మేడం, ఇఫ్ హీ ఓపెన్?"

"అప్పుడు అదీ తెలుస్తుంది," అన్నారు లిన్ గారు. ఫ్లాస్కు మూత బిగించి మళ్ళీ తెరిచారు. తాగలేదు.

వీరాంజనేయులు గారు అద్దంకిలో ఇరవై ఎనిమిదేళ్ళు దస్తావేజు లేఖరి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చుని పొలాల కాగితాలు, ఇళ్ళ కాగితాలు రాశారు. పాతవి చదివి చెప్పారు. చదవటం అంటే ఆయనకు పైనుంచి కిందికి కాదు.

"దస్తావేజు కింద నుంచి చదవాలమ్మాయ్. ముందు సంతకం ఎవరిది, సాక్షులెవరు, రాసిందెవరు, ఏ తేదీ. ఆమీదట కొట్టివేతలు చూడాలి, దిద్దుళ్ళు చూడాలి. ఎన్ని కాగితాలో లెక్కపెట్టాలి. అన్నీ అయినాక పైనుంచి చదవాలి. పైనున్నదంతా వాళ్ళు మనకి చెప్పదలుచుకున్నది. చెప్పదలుచుకోనిది కింద ఉంటది."

ఒక పెద్ద కాగితం మీద ఆయన స్టాడర్డ్ రాసే ప్రతి అక్షరాన్నీ అచ్చం అలాగే దించారు. పెద్దబడి ఏ, చిన్నబడి ఏ, మాట చివర వచ్చే డి, తొందరలో రాసిన డి. అర్థం కాని మాట వస్తే ఆ కాగితం దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క అక్షరం పోల్చుకుని నాకు చెప్పేవారు. నేను కొట్టేదాన్ని. లిన్ గారు నా భుజం మీదుగా చదివి మాటలు విడగొట్టి సరిచేసేవారు. మార్గరెట్ మధ్యమధ్య వచ్చి ఎంతవరకు వచ్చిందని అడిగేది.

కాన్సల్ దొర ఉత్తరాలు మొదట్లో శాంతంగా ఉన్నాయి. టీ పెట్టెలు, పన్నులు, తప్పిపోయిన నావికుడు. తర్వాత మెల్లగా మారాయి. పట్టణం గోడల మీద కాగితాలు అంటిస్తున్నారని పీకింగులో పైఅధికారికి రాశాడు. మిషను ఆసుపత్రిలో పిల్లల కళ్ళు తీసి మందులు చేస్తున్నారని వాటిలో ఉందట. 'పిల్లలు జ్వరంతో చనిపోయిన మాట నిజం. కళ్ళ మాట అబద్ధం. అబద్ధమని నేను చెబితే నమ్మేవాడు ఈ పట్టణంలో లేడు' అని రాశాడు. ఇంకో వారం: 'దెబ్బ ముందు మన మీద పడటం లేదు. మన మతం పుచ్చుకున్న చైనా వాళ్ళ మీద పడుతోంది. రెండు ఇళ్ళలో బియ్యం తీసి బావిలో పోశారు.' ఒక ఓడ పంపమని అడిగాడు. మళ్ళీ అడిగాడు. 'వర్తకులు భయపడటం లేదు కాబట్టి ఓడ అవసరం లేదని తమరు సెలవిచ్చారు. వర్తకుల ఇళ్ళ ముందు వాళ్ళ సొంత పడవలున్నాయి. మిషను ఇంటి ముందు వీధి ఉంది.'

"దొరకి నిద్ర లేదమ్మాయ్," అన్నారు వీరాంజనేయులు గారు. "ఇక్కడ చూడు. జనవరిలో టి మీద అడ్డగీత సరిగ్గా నెత్తిన ఉంది. మేలో ఎక్కడికో పారిపోయింది. కలం ముంచటం కూడా మర్చిపోతున్నాడు."

నాకు ఆ ఉత్తరాలు కొడుతుంటే కాళ్ళు ఊరికే ఉండేవి కావు. గోడ గడియారం చూసుకుంటూ ఉండేదాన్ని. మూడూ ఇరవైకి బస్సు వస్తుంది. బస్సు దగ్గర శ్రీవిద్య ఉంటుంది.

ఉండనే ఉంది. "నువ్వు కూడా పోతున్నవంట కదా చర్చికి," అంది నవ్వుతూ. "జాగ్రత్తమ్మా. మీ హెచ్‌వన్ ఫైల్‌కి ఏమన్నా అయితే?"

"టైపింగ్ చేస్తున్నానండీ. పాత ఉత్తరాలు. చైనావి."

"చైనావా?" శ్రీవిద్య కాసేపు ఆలోచించింది. "గ్రీన్ కార్డు కోసం ఎన్ని చెయ్యాల్సొస్తుందో చూడు."

పాప చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఏప్రిల్ మొదటి వారంలో క్లబ్‌హౌస్‌లో సీతారాముల కల్యాణం. ఏటా కుటుంబాల పేర్లూ గోత్రాలూ కార్డుల మీద రాసేది వీరాంజనేయులు గారు. పూజారి వాటిని చూసి చదివేవారు. ఆ ఏడు ప్లానింగ్ మీటింగులో ఆయన పెన్నులు తెచ్చుకుని కూర్చున్నారు. శ్రీవిద్య లాప్‌టాప్ తెరిచింది.

"అంకుల్, ఈసారి ఎక్సెల్‌లో కొట్టేద్దాంలెండి. మీకెందుకు శ్రమ. మీరు బిజీగా ఉంటున్నరు కదా."

ఎవరో దగ్గారు. వీరాంజనేయులు గారు తల ఊపి, పెన్ను జేబులో పెట్టుకున్నారు. కొంచెం సేపు ఉండి, లక్ష్మి గారితో కలిసి లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు చర్చి గదిలో లక్ష్మి గారు ఆయనకి అన్నం తెచ్చారు. డబ్బా మూత తీస్తూ నావైపు తిరిగి, "ఏందమ్మాయ్, ఈయన పేరు ఆండ్రూ అంటగా? పదమూడేళ్ళు ఊరోళ్ళ గోత్రాలన్నీ రాసిన చెయ్యి," అన్నారు.

"నువ్వు మేరీ అన్నారా?" అన్నారు ఆయన.

"నాకు ఇంకా పెట్టలా. నీ పేరు కుదిరినాక పెడతారేమో."

"మీరు వాళ్ళకి చెప్పొచ్చుగా బాబాయిగారూ," అన్నాను.

"ఎవరికి? ఏమని? ఎవరన్నా నన్నడిగారా?" ఆయన ముద్ద కలుపుతూ ఆగారు. "అడగనోడికి చెబితే సంజాయిషీ అయిద్దమ్మాయ్."

అదే రోజు మధ్యాహ్నం రిపోర్టు దొరికింది. మిషను ఇల్లు తగలబడిన తర్వాత కాన్సల్ దొర పీకింగుకు పంపినది, ఏడు కాగితాలు. లిన్ గారు లేచి నిలబడ్డారు. నేను కొడుతున్నాను. 'నదివైపు తలుపు కాపలావాడి చేత తెరవబడగా, మూక లోపలికి ప్రవేశించింది.'

చర్చి చరిత్రలోని వాక్యం ఇక్కడిదే. లిన్ గారు నెమ్మదిగా కూర్చున్నారు. ఫ్లాస్కును ఒళ్ళో పెట్టుకున్నారు. మార్గరెట్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఇంక వెతకడానికి ఏమీ లేదన్నట్టు నేను టైపు ఆపేశాను.

వీరాంజనేయులు గారు మాత్రం లాప్‌టాప్ తెర మీది ఫోటోను పెద్దది చేయమన్నారు. ఇంకా పెద్దది. ఆయన ముక్కు తెరకు ఆనుతుందేమో అనిపించింది.

"హంసపాదు," అన్నారు.

రాసేటప్పుడు ఒక మాట మరిచిపోతే, రెండు మాటల మధ్య కింద చిన్న గుర్తు పెట్టి, మరిచిన మాటను పైన ఇరికిస్తాం కదా, అది. 'నదివైపు తలుపు తెరవబడగా' అన్నదే అసలు వాక్యం. 'కాపలావాడి చేత' అన్నది పైన, చిన్న అక్షరాల్లో, హంసపాదు మీద ఉంది.

"ముందు రాసినప్పుడు ఎవరు తీశారో రాయలేదమ్మాయ్. తర్వాత చదువుకుని పెట్టాడు. దొర ఈ పుస్తకంలో ఎక్కడ దిద్దినా, దిద్దింది తనేనని పక్కన తన పేరు పొడి అక్షరాలు పెట్టాడు. ఇప్పటికి పద్నాలుగు చోట్ల చూశాం. ఇక్కడ పెట్టలా."

నేను ఇంగ్లీషులోకి మార్చి చెబితే, "దానివల్ల ఏమవుతుంది?" అని మార్గరెట్ అడిగింది.

ఆయన బల్లకీ గోడకీ మధ్య తిరగడం మొదలుపెట్టారు. తర్వాత నాతో తెలుగులో చెప్పారు, మిగతా ఇద్దరికీ అర్థం కాకూడదనే అనుకుంటాను.

"నేనొకసారి పెట్టానమ్మాయ్ ఇట్లాగే. సంతకాలు అయిపోయినాక. కొన్నోడు ప్రాధేయపడితే 'బాటతో సహా' అని రెండు మాటలు పైన ఇరికించా. పొడి అక్షరాలు పెట్టలా. పెట్టాలంటే అమ్మినామెని పిలవాలి, పిలిస్తే ఆమె ఒప్పుకోదు. ఆ ముసలామెకి ఇంటికి దారి లేకుండా పోయింది. మూడేళ్ళు నా షెడ్డు ముందునుంచే నడిచి పోయింది, మాట లేదు. ఒకరోజు రావటం మానేసింది. దొర ఎందుకు పెట్టాడో నాకు తెలుసు. పొడి అక్షరాలు ఎందుకు పెట్టలేదో కూడా తెలుసు."

ఆ తర్వాత పది రోజులు ఆయన నిలకడగా లేరు. స్టోర్‌లో ధర కాగితాల మీద తేదీలు తప్పు రాశారట. చర్చికి వారంలో రెండు రోజులు వచ్చే మనిషి నాలుగు రోజులు రాసాగారు. ఏం వెతుకుతున్నారో ఆయనకే సరిగ్గా తెలియదు. తలుపు తీయమని ఎవరో చెప్పి ఉండాలి, చెబితే అది కాగితం మీద ఉండాలి, దొర కాగితం లేకుండా ఏ పనీ చేయడని మాత్రం అంటూ ఉండేవారు. లిన్ గారు రోజూ వచ్చేవారు. ఏమీ అడిగేవారు కాదు. ఆమె అడగకపోవడమే ఆయన్ని ఎక్కువ తరిమింది.

ప్రెస్సుకు వెళ్ళే ముందు రోజు, గురువారం. ఉత్తరాలన్నీ అయిపోయాయి. దాడికి ముందువీ, తర్వాతవీ, అన్నీ కొట్టేశాం. ఏమీ దొరకలేదు. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"అమ్మాయ్, ఎన్ని కాగితాలు?"

"ఐదువందలు బాబాయిగారూ. అట్ట మీద ఉంది."

"అట్ట మీద కాదు. మనం చదివినవి."

లెక్కపెట్టాను. నాలుగువందల తొంభై ఎనిమిది. ప్రతి కాగితం మూలలో నంబరు ఉంది. వరసగా చూసుకుంటూ వెళ్ళాం. రెండువందల పన్నెండు తర్వాత రెండువందల పదిహేను ఉంది. ఇన్నాళ్ళూ మేము చదివింది లాప్‌టాప్‌లో ఉన్న ఫోటోలు. ఎవరో ఫోటోలు తీసినప్పుడు రెండు కాగితాలు దాటేశారు. ఆయన నుదురు కొట్టుకున్నారు.

"ఇరవై ఎనిమిదేళ్ళు అందరికీ చెప్పా. నకలు చూసి మాట్లాడొద్దు, అసలు తెమ్మని. నేనే నెలరోజులు నకలు చదువుతా కూర్చున్నా." ఆయన మార్గరెట్ వైపు తిరిగారు. "మేడం, ఒరిజినల్. ప్లీజ్. ఒరిజినల్ బుక్."

పుస్తకం పై అంతస్తులో బీరువాలో ఉంది. మార్గరెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండువందల పన్నెండో కాగితం లావుగా ఉంది. ఎప్పుడో తడి తగిలి, మూడు కాగితాలు అంచుల దగ్గర అతుక్కుపోయాయి. మార్గరెట్ తన ఆఫీసు నుంచి పల్చటి ప్లాస్టిక్ కార్డు ఒకటి తెచ్చి అంచు కింద పెట్టింది. చిరుగుతుందేమోనని తీసేసింది. లిన్ గారు ఆ కార్డు అందుకున్నారు. నలభై ఏళ్ళు లాబరేటరీలో పనిచేసిన చేతులు. అంగుళం అంగుళంగా, ఇరవై నిమిషాలు పట్టింది. కాగితం చిరగలేదు.

వీరాంజనేయులు గారు కింద నుంచి చదివారు. సంతకం, స్టాడర్డ్. తేదీ, దాడికి ఐదు రోజుల ముందు. ఎవరికి రాసిందో చూశారు, మిషను ఇంటికి. అప్పుడు పైకి వెళ్ళి, ఒక్కొక్క మాటే చెప్పారు. నేను కొట్టాను.

'మొదటి రాయి పడగానే నదివైపు తలుపు లిన్ చేత తీయించండి. పడవ అక్కడ ఉంటుంది. తలుపు మూసుకుని నా కోసం ఎదురుచూడవద్దు. లిన్‌కు ఈ సంగతి నేనే స్వయంగా చెప్పాను. అతను తప్పడు.'

రెండువందల పద్నాలుగో కాగితం అదే తేదీన రేవు అధికారికి రాసింది. ఒక పడవను మిషను ఇంటి వెనక నదిలో ఉంచమని కోరాడు. పడవ వెళ్ళిందో లేదో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

లిన్ గారు ఆ ఉత్తరాన్ని చాలాసేపు చూశారు. ఆమెకు ఆ కలిపిరాత చదవడం రాదు. తన ఇంటిపేరు ఉన్న చోటు ఏదో చూపించమని అడిగారు. వీరాంజనేయులు గారు పెన్ను మూతతో, కాగితాన్ని తాకకుండా, చూపించారు. రెండుసార్లు.

"చెడ్డవాడు కాదు మేడం, దొర," అన్నారు. "ఓన్లీ ఫియర్."

"మా ముత్తాతకి కూడా భయం వేసి ఉంటుంది," అన్నారు లిన్ గారు. "అయినా తీశాడు."

మార్గరెట్ కమిటీకి ఫోన్ చేసింది. అక్కడ ఒక లాయరు ఉన్నాడు. చదివిన మనిషి నోటరీ ముందు సంతకం చేసి, అసలుకు సరిగ్గా ఉందని చెప్పి తీరాలన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోపల. ఆ మాట వినగానే వీరాంజనేయులు గారి ముఖంలో నెల రోజుల్లో మొదటిసారి నెమ్మది కనిపించింది. అది ఆయనకు తెలిసిన లోకం.

శుక్రవారం పొద్దున మార్గరెట్ కార్‌లో నలుగురం నోటరీ కోసం బ్యాంకుకు వెళ్ళాం. నోటరీ ఒక కుర్రది, పొడవాటి గోళ్ళు, చాలా పొందికగా మాట్లాడింది. వీరాంజనేయులు గారు కాగితాలు రెండూ లెక్కపెట్టించి ముందు పెట్టారు. నేను టైపు చేసిన దానిలో ఒకచోట అక్షరం తప్పు పడింది. ఆయన దాన్ని కొట్టేసి, పైన సరైనది రాసి, పక్కన పొడి అక్షరాలు పెట్టారు. అప్పుడు ఆమె ఐడీ అడిగింది.

నాకు శ్రీవిద్య మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పేపర్స్ లేవు పాపం. నేను లిన్ గారి వైపు చూడలేదు, ఆయన వైపు కూడా చూడలేదు. బల్ల మీద గొలుసు కట్టి ఉన్న పెన్నును చూస్తూ నిలబడ్డాను.

"డ్రైవింగ్ లైసెన్స్ లేదు మేడం. ఐ వాక్," అని, ఆయన చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులోంచి నీలం రంగు పుస్తకం ఒకటి తీసి ఇచ్చారు. నోటరీ తెరిచి, పేరు రాసుకుని, తిరిగిచ్చింది. ఆయన సంతకం చేశారు. కలిపిరాతలో, అక్షరాలన్నీ ఒకే వాలులో. ఆమె ముద్ర వేసింది.

పదకొండున్నరకు కమిటీ జవాబు వచ్చింది. మార్గరెట్ పార్కింగ్‌లో నిలబడి చదివింది. వాక్యం మారుస్తారు. రాతిపలక మీద మూడో పేరు చేరుస్తారు. లిన్ గారు తల ఊపారు. ఫ్లాస్కు మూతలో నీళ్ళు పోసి వీరాంజనేయులు గారికి ఇచ్చారు. ఆయన అక్కడే, ఎండలో నిలబడి తాగారు.

తిరిగి వచ్చేటప్పుడు వెనక సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను. అపార్ట్‌మెంట్ల మలుపు దగ్గర అడిగాను.

"బాబాయిగారూ, ఆ అమెరికా పాస్‌పోర్టు..."

"మా అక్క ఇక్కడ నర్సు, అమ్మాయ్. తొంభై తొమ్మిదిలో నా కోసం పెట్టింది పిటిషను. పన్నెండేళ్ళు పట్టింది." ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. "నువ్వడిగావు కాబట్టి చెప్పా."

వీరాంజనేయులు గారికి విమానం దిగిన రోజే గ్రీన్ కార్డు ఉంది. అమెరికా పౌరసత్వం వచ్చి ఎనిమిదేళ్ళయింది.